చెత్తబండి మలుపు తిరిగాక

చెత్త సేకరణలో ఇంటివాళ్లకు కనిపించేది అరనిమిషం పని. బండి ఆగుతుంది, డబ్బా ఒంపుకుంటారు, బండి కదులుతుంది. డబ్బా ఖాళీ అయింది కాబట్టి పని అయిపోయిందనే అనిపిస్తుంది. ఆ బండి మలుపు తిరిగాక ఎటు వెళ్లిందో, వేరుచేసి ఇచ్చిన తడి చెత్త, పొడి చెత్త వేరుగానే చేరాయో లేక ఊరి బయట ఒకే కుప్పలో కలిసిపోయాయో గడపలో నిలబడ్డవాళ్లకు తెలిసే దారి లేదు. కరెంటు పోతే ఆ క్షణంలోనే తెలుస్తుంది. కుళాయిలో రంగు నీళ్లు వస్తే పిల్లలు కూడా పట్టేస్తారు. చెత్త సంగతి అలా కాదు. పని చక్కగా జరిగినా, దారిలో ఏ వాగులోనో పోసేసినా ఇంటి ముందు మిగిలేది అదే ఖాళీ డబ్బా.

మునిసిపాలిటీ, పంచాయతీ, నగర కౌన్సిల్, పేరు ఏదైనా స్థానిక ప్రభుత్వం ఈ సేవ మీద చేయాల్సిన పర్యవేక్షణ అంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది. డబ్బు కట్టేవాళ్లకు పని కనిపించదు. దాన్ని వాళ్ల తరఫున చూడాల్సింది వాళ్లు ఎన్నుకున్న సంస్థ. పొద్దున్నే అధికారి ఒకరు నాలుగు వీధులు తిరిగి ఫొటోలు దిగి వస్తే తీరే పని కాదిది. కాటా చీటీలు, ఫిర్యాదుల రిజిస్టరు, కాంట్రాక్టు షరతులు, రీసైక్లింగ్ కేంద్రం అమ్మకాల బిల్లులు ముందేసుకుని, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూసే మనిషి కావాలి. చాలా చోట్ల కొరవడేది ఆ మనిషే.

ఇళ్ల చెత్త ప్రభుత్వం బాధ్యత అనుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. పారిస్‌లో 1883 నవంబరులో అక్కడి ప్రిఫెక్ట్ (ప్రభుత్వం నియమించిన పాలనాధికారి) యూజీన్ పూబెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి భవనం యజమానీ మూత ఉన్న డబ్బాలు పెట్టాలి, కుళ్లేవి ఒకదాంట్లో, కాగితాలూ బట్టలూ ఒకదాంట్లో, గాజు పెంకులూ పింగాణీ ముక్కలూ మరోదాంట్లో వేయాలి. అంటే ఇవాళ కొత్త సంస్కరణగా చెప్పుకునే 'వేరుచేసి ఇవ్వడం' 140 ఏళ్ల కిందటి మాట. వీధుల్లో చెత్త ఏరుకుని బతికేవాళ్లు తమ కూడు పోతుందని అప్పుడే గొడవ చేశారు. ఫ్రెంచి భాషలో చెత్తడబ్బాకు ఆ అధికారి పేరే స్థిరపడిపోయింది. తర్వాత పన్నెండేళ్లకు, 1895లో, న్యూయార్క్ వీధుల శుభ్రత శాఖకు జార్జ్ వేరింగ్ అనే ఇంజనీరు వచ్చి కార్మికులకు తెల్ల యూనిఫాం వేయించాడు. పొయ్యి బూడిద, వంటింటి చెత్త, మిగతా చెత్త అని మూడు రకాలుగా విడదీయించాడు. ఈ రెండు చోట్లా మొదటి అడుగు ఒక్కటే: ఇంటి దగ్గర ఏం చేయాలో ఉత్తర్వు రాయడం. ఉత్తర్వు రాయడం తేలిక. బండి కదిలాక అది అమలవుతోందా అని చూడడమే అప్పటి నుంచీ కష్టం.

దీని వెనక ఉన్న డబ్బూ చిన్నది కాదు. 2018లో ప్రపంచ బ్యాంకు వేసిన లెక్కల ప్రకారం 2016లో ప్రపంచంలోని ఊళ్లూ నగరాలూ కలిపి 201 కోట్ల టన్నుల చెత్త పుట్టించాయి. 2050 నాటికి అది 340 కోట్ల టన్నులకు చేరుతుందని అంచనా. పేద దేశాల్లో స్థానిక సంస్థల బడ్జెట్‌లో సుమారు 20 శాతం చెత్త పనికే పోతోంది. సంపన్న దేశాల్లో ఆ వాటా 4 శాతం దగ్గర ఉంది. ఎక్కడైతే ఖజానా చిన్నదో అక్కడే ఈ ఖర్చు పెద్ద ముక్క కొరుకుతోంది. అలాంటి చోట ఒక్క తప్పుడు కాంట్రాక్టు బడి మరమ్మతునో వీధిదీపాలనో మింగేస్తుంది.

ఎవరు చేస్తే బాగుంటుంది?

చర్చ ఎప్పుడూ ఇక్కడే ఇరుక్కుంటుంది: సొంత సిబ్బందితో చేయించాలా, ప్రైవేటుకు ఇవ్వాలా? మొత్తంగా నాలుగు పద్ధతులున్నాయి. సొంత బండ్లు, సొంత మనుషులు ఒక పద్ధతి. టెండరు పిలిచి కొన్నేళ్లకు ఒక కంపెనీకి అప్పగించడం రెండోది. ఫలానా ప్రాంతం మొత్తం నీదే, ఇళ్ల నుంచి చార్జీ నువ్వే వసూలు చేసుకో అని హక్కు రాసివ్వడం మూడోది. అసలు జోక్యం చేసుకోకుండా ఏ ఇంటివాళ్లు ఏ బండిని పెట్టుకుంటే అదే అని వదిలేయడం నాలుగోది. ఈ నాలుగోదాన్ని పోలండ్ చాలాకాలం నడిపింది. తక్కువ రేటు చెప్పే బండివాడి దగ్గరికి జనం వెళ్లారు. రేటు తగ్గిన చోట చెత్త అడవుల్లో, గోతుల్లో తేలింది. చివరికి 2013 జులై 1 నుంచి ఇళ్ల చెత్త బాధ్యతను అక్కడి చట్టం స్థానిక సంస్థల చేతికి మార్చింది.

ప్రైవేటుకు ఇస్తే ఖర్చు తగ్గిపోతుందన్న నమ్మకం బలంగానే ఉంది. కానీ నీళ్లు, చెత్త సేవల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2010లో ముగ్గురు పరిశోధకులు చూస్తే, ప్రైవేటు అయినంత మాత్రాన ఖర్చు పద్ధతిగా తగ్గుతోందనడానికి ఆధారం కనిపించలేదు. ఇంతకంటే ఆసక్తికరమైన అనుభవం అమెరికాలోని ఫీనిక్స్ నగరానిది. 1970ల చివర్లో ఆ నగరం తన పారిశుద్ధ్య శాఖను కూడా ప్రైవేటు కంపెనీలతో పాటు టెండరు వేయమంది. మొదట్లో సొంత శాఖ ఓడిపోయింది. తర్వాత బండ్లు, రూట్లు, మనుషుల లెక్క సరిచేసుకుని పోయిన ప్రాంతాలను మళ్లీ గెలుచుకుంది. అక్కడ పనిచేసింది ప్రైవేటూ కాదు, ప్రభుత్వమూ కాదు. ఒక ఇంటి చెత్త ఎత్తడానికి నిజంగా ఎంత ఖర్చవుతోందో నగరానికి తన సొంత లెక్క ఉండటం. కొన్ని ప్రాంతాలైనా సొంత సిబ్బంది చేతిలో ఉంటే, కాంట్రాక్టరు చెప్పే రేటు న్యాయమైనదో కాదో పోల్చుకోవడానికి ఒక కొలత ఉంటుంది. అన్నీ అమ్మేసుకుని, అనుభవం ఉన్న మేస్త్రీలను ఇంటికి పంపించేసిన మునిసిపాలిటీ తర్వాతి టెండరులో కాంట్రాక్టరు చెప్పిన మాట నమ్మక తప్పదు.

కాటా దగ్గర

కాంట్రాక్టులో డబ్బు దేనికి ఇస్తారు అన్న ఒక్క వాక్యం మిగతా అరవై పేజీల కంటే ఎక్కువ పని చేస్తుంది. టన్నుకు ఇంత అని ఇస్తే బండి బరువెక్కడం మొదలవుతుంది. ఇంటికి ఇంత అని ఇస్తే కాగితం మీద ఇళ్లు పెరుగుతాయి, వీధి చివర ఇళ్లకు బండి రాదు. నెలకు మొత్తంగా ఇంత అంటే ట్రిప్పులు తగ్గుతాయి. ఏ పద్ధతిలోనూ మనుషులు చెడ్డవాళ్లని అనుకోనక్కర్లేదు. డబ్బు ఎటు లాగితే పని అటు ఒరుగుతుంది. పర్యవేక్షణ చేసేవాళ్లు మొదట వెతకాల్సింది ఆ ఒరుగుబాటునే.

టన్ను లెక్కన డబ్బిచ్చే చోట కాటా దగ్గర కాసేపు నిలబడితే విషయం అర్థమవుతుంది. నిండు బండి ఇనుప పలక మీదికి ఎక్కుతుంది. కిటికీ లోపల తెర మీద అంకె ఊగి ఊగి ఒకచోట ఆగుతుంది. గుమస్తా చీటీ కొడతాడు. బండి లోపలికి వెళ్లి దింపుకుని, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎక్కాలి. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే చెత్త బరువు. పేచీ అంతా ఆ రెండో తూకంలోనే ఉంది. లైను పొడుగ్గా ఉంది, టైమ్ లేదు అని రెండో తూకం మానేసి, ఎప్పుడో కంప్యూటరులో పెట్టిన ఖాళీ బరువునే వాడతారు. ఆ తర్వాత బండికి కొత్త బాడీ కట్టించినా, అదనపు టైరు పెట్టినా, డీజిల్ ట్యాంకు నిండా ఉన్నా ఆ బరువు కూడా చెత్త కిందే లెక్క. వానాకాలంలో మూత లేని బండి నీళ్లు తాగి వస్తుంది. ఇల్లు పడగొట్టిన మట్టి, ఇటుక ముక్కలు అడుగున వేసుకొస్తే పైనుంచి చూసేవాళ్లకు కనిపించవు. ఇళ్ల చెత్త తేలిక, మట్టి బరువు. పది ట్రిప్పుల్లో ఒక్క ట్రిప్పు మట్టి కలిసినా ఆ రోజు బిల్లు మారిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. ఒకే రూట్, ఒకే బండి, ఒకే వారం రోజు. గత ఆరు నెలల తూకాలు వరసగా రాసుకుంటే చాలు. సోమవారం ఎప్పుడూ నాలుగు టన్నుల చుట్టూ తిరిగే రూట్ ఒక్కసారిగా ఆరు చూపిస్తే ఎందుకో అడగాలి. పండగేమో, ఇళ్లు ఖాళీ చేశారేమో, మట్టేమో. జవాబు ఏదైనా కావచ్చు, అడిగేవాళ్లు ఉన్నారని తెలియడమే సగం పని చేస్తుంది. కాటాకు ఎప్పుడెప్పుడు సీలు వేయించారు, కాటా గది ఎవరి సిబ్బంది చేతిలో ఉంది అన్నవి ఇంకా ముఖ్యం. బిల్లు పెట్టేవాడే తూకం వేసుకునే ఏర్పాటులో మిగతా తనిఖీలన్నీ కంటితుడుపే.

చార్జీలు ఖరారు చేసే చోట ఇదే కథ ఇంకా పెద్ద అంకెల్లో జరుగుతుంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1932 నాటి నగర చట్టం నీడలో ఇళ్ల చెత్త సేకరణ దశాబ్దాలుగా ఒకే కంపెనీ చేతిలో ఉంది. పోటీ లేదు కాబట్టి రేటు ఎంత ఉండాలో నగరమే పరిశీలించి నిర్ణయించాలి. 2017లో వేసిన రేట్ల లెక్కలో కంపెనీ ఆదాయం తప్పుగా చూపడంతో ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి ఎక్కువ కట్టారు. 2021లో నగర అటార్నీతో, అంటే నగరం తరఫు న్యాయాధికారితో కుదిరిన ఒప్పందం ప్రకారం రీకాలజీ అనే ఆ కంపెనీ 9.45 కోట్ల డాలర్లు చార్జీలు కట్టినవాళ్లకు తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకుంది. రేట్ల దరఖాస్తును పరిశీలించాల్సిన ప్రజా పనుల శాఖ డైరెక్టరు అంతకు ఏడాది ముందే అవినీతి కేసులో అరెస్టయ్యాడు. కంచే చేను మేసిన సంగతి అలా బయటపడింది. 2022లో ఓటర్లు ఆ పద్ధతినే మార్చేశారు. రేట్ల పరిశీలనను ఆ శాఖ నుంచి తీసి నగర ఖాతాలు చూసే కంట్రోలరుకు అప్పగించారు, రేట్ల బోర్డులో చార్జీలు కట్టేవాళ్ల ప్రతినిధికి చోటిచ్చారు. రీసైక్లింగ్‌లో లోకమంతా మెచ్చుకున్న నగరమది. 2009లోనే చెత్త వేరుచేయడం తప్పనిసరి చేసింది. వీధిలో పని బాగున్నంత మాత్రాన పుస్తకాల్లో లెక్క బాగున్నట్టు కాదని అక్కడివాళ్లకు డబ్బు పోయాకే తెలిసింది.

99 శాతం ఎవరికి?

ఎత్తకుండా వదిలేసిన ఇళ్ల సంగతి. కాంట్రాక్టరు నివేదికల్లో తరచూ కనిపించే మాట '99 శాతం సేకరణ'. వినడానికి బాగుంది. 20,000 ఇళ్లున్న ఊరిలో మిగిలిన ఒక శాతం అంటే రోజూ 200 ఇళ్లు. అవి రోజుకో చోట మారుతూ ఉంటే అది మామూలు పొరపాటు: బండి చెడింది, మనిషి రాలేదు. రోజూ అవే 200 ఇళ్లయితే అది పొరపాటు కానే కాదు. సందు ఇరుకు, బండి తిరగదు, అడిగేవాళ్లు పెద్దవాళ్లు కారు. ఆ ఇళ్లవాళ్లకు సేవ సున్నా శాతం. సగటు అంకె ఈ తేడాను దాచేస్తుంది. అందుకే ఎన్ని ఇళ్లు తప్పిపోయాయి అన్నదానికంటే ఎన్ని ఇళ్లు వరసగా రెండోసారి, మూడోసారి తప్పిపోయాయి అన్న లెక్క అడగాలి.

ఫిర్యాదు ఎవరి ఫోన్‌కు వెళ్తుందో కూడా చూడాలి. కాంట్రాక్టరు కాల్ సెంటరుకే వెళ్తే, ఫిర్యాదు తీసుకునేదీ వాళ్లే, పరిష్కారమైందని టిక్కు పెట్టేదీ వాళ్లే. స్థానిక సంస్థ నంబరుకు వచ్చి, ఫిర్యాదు చేసిన మనిషి సరే అన్నాకే మూసే ఏర్పాటు ఉంటే అంకెలు వెంటనే పెరుగుతాయి. అలా పెరిగితే కౌన్సిల్ కంగారుపడకూడదు. మొదటి ఏడాది ఫిర్యాదులు పెరగడం పర్యవేక్షణ మొదలైందనడానికి గుర్తు. బండికి పెట్టిన జీపీఎస్ గురించి కూడా ఒక మాట. అది బండి వీధిలోకి వెళ్లిందని చెబుతుంది, డబ్బా ఎత్తిందని చెప్పదు. డబ్బాకు పెట్టిన చిప్పు, బండి లిఫ్టుకు పెట్టిన రీడరు ఉంటే ఆ రెండోదీ తెలుస్తుంది. అవి లేని చోట ఎవరో ఒకరు నడిచి వెళ్లి చూడాల్సిందే.

జరిమానాల దగ్గర చాలా కాంట్రాక్టులు బోల్తా పడతాయి. వదిలేసిన ఇంటికి ఇంత కోత అని రాస్తారు. ఆ కోత, బండిని వెనక్కి పంపడానికయ్యే ఖర్చు కంటే తక్కువగా ఉంటే కాంట్రాక్టరు హాయిగా కోత కట్టి ఊరుకుంటాడు. అప్పుడది శిక్ష కాదు, రేటు. మరీ ఎక్కువ పెడితే అధికారులే వేయడానికి జంకుతారు, ప్రతిదీ కోర్టు దాకా పోతుంది. వెనక్కి పంపే ఖర్చు కంటే కొంచెం ఎక్కువ, అదే ఇల్లు మళ్లీ తప్పితే రెట్టింపు. ఇలా మెట్లుగా ఉన్నవే అమల్లో నిలబడతాయి.

రీసైక్లింగ్ అన్న మాట వెనక

ఇంటివాళ్లకు అందరికంటే ఎక్కువ మనసు కష్టపెట్టేది ఇదే. సీసా కడిగి, కాగితం మడిచి, వేరే డబ్బాలో వేసి ఇస్తారు. ఆ తర్వాత అన్నీ ఒకటే బండిలో కలిపేశారని వింటారు. ఒక్కసారి ఆ నమ్మకం పోతే తిరిగి తేవడం చాలా కష్టం.

వేరుచేసే కేంద్రంలో బెల్టు పక్కన నిలబడి చూస్తే ఎందుకు కష్టమో తెలుస్తుంది. అట్టపెట్టెలు, డబ్బాలు, సీసాలు గలగలా పోతుంటాయి. వాటి మధ్యలో పాంపర్స్, తెగిన చెప్పు, సగం పెరుగున్న కప్పు, మడతపెట్టిన తోటపైపు. చేతి తొడుగులు వేసుకున్నవాళ్లు అటూ ఇటూ నిలబడి లాగేస్తూనే ఉంటారు. పలచని ప్లాస్టిక్ సంచులు మాత్రం చేతికి చిక్కవు. తిరిగే ఇరుసులకు చుట్టుకుంటాయి, ఒకదాని మీద ఒకటి పేరుకుని చక్రాలను బిగించేస్తాయి. అప్పుడు లైను ఆపి, ఒక మనిషి లోపలికి దిగి కత్తితో కోసి తీయాలి. పాత ఫోనులోని లిథియం బ్యాటరీ నలిగితే మంటే. బండిలోనే అంటుకుంటే డ్రైవరు నడిరోడ్డు మీద లోడంతా దింపేయాల్సి వస్తుంది. ఇంటి దగ్గర ఒకరు చేసిన రెండు సెకన్ల అజాగ్రత్త ఇక్కడ గంట పని.

ఈ లెక్కలన్నీ 2018లో తలకిందులయ్యాయి. అప్పటిదాకా సంపన్న దేశాలు వేరుచేసిన కాగితం, ప్లాస్టిక్‌లో పెద్ద భాగం చైనా కొనేది. సరుకులో మురికి కలిసినా పెద్దగా అడిగేది కాదు. 2017 జులైలో ముందే చెప్పి, 2018 మొదట్లో 24 రకాల వ్యర్థాల దిగుమతిని ఆపేసింది. మిగతావాటిలో చాలా రకాలకు కల్తీ అర శాతం మించకూడదంది. ఆ గీత దాటని సరుకు తయారుచేయగల కేంద్రాలు చాలా తక్కువ. అమ్ముకుంటే డబ్బొచ్చే సరుకు కాస్తా ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవాల్సిన బరువైంది. కొన్ని ఊళ్లు రీసైక్లింగ్ సేకరణే ఆపేశాయి. ఫిలడెల్ఫియా కొంతకాలం తన రీసైక్లింగ్ సరుకులో సగం దాకా తగలబెట్టే కేంద్రానికి పంపింది. ఆ రోజుల్లోనూ అక్కడి ఇళ్లలో జనం సీసాలు కడిగి వేరే డబ్బాలో వేస్తూనే ఉన్నారు. ప్రమాదకర వ్యర్థాలను దేశాలు దాటించడాన్ని అదుపు చేసే బాజెల్ అంతర్జాతీయ ఒప్పందం కిందికి 2019లో ప్లాస్టిక్ వ్యర్థాలను కూడా తెచ్చారు. 2021 నుంచి మురికి ప్లాస్టిక్‌ను అవతలి దేశం ముందుగా ఒప్పుకోకుండా పంపడం కుదరడం లేదు.

అప్పుడు బయటపడ్డ అసలు లోపం కాంట్రాక్టుల్లో ఉంది. పాత కాగితం ధర పడిపోతే నష్టం ఎవరిది, పెరిగితే లాభం ఎవరిది అని చాలా వాటిలో సరిగ్గా రాసుకోలేదు. ధర బాగున్నన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. ధర పడగానే కంపెనీలు రేటు పెంచమన్నాయి, లేదంటే ఆపేస్తామన్నాయి. ఇప్పుడు తెలివైన ఒప్పందాల్లో సరుకు ధరను మార్కెట్ సూచీకి కట్టి, లాభనష్టాలు ఇద్దరూ పంచుకునేలా రాస్తున్నారు. సరుకులో కల్తీ ఎంతో తేల్చడానికి లోడ్లలోంచి కొన్నిటిని పక్కకు తీసి, నేల మీద పరిచి, రకాలవారీగా తూచే పద్ధతి ఉంది. ఆ పరీక్ష రోజు మునిసిపాలిటీ మనిషి అక్కడ ఉండాలి. పరీక్షించే లోడ్లను ఆ మనిషే ఎంచాలి.

'మా ఊళ్లో ఇంత శాతం రీసైక్లింగ్' అని చెప్పే అంకెను కూడా కొంచెం గీకి చూడాలి. బండి ఎత్తుకున్నదంతా రీసైక్లింగ్ కిందే రాస్తే అంకె అందంగా ఉంటుంది. దాంట్లోంచి బెల్టు దగ్గర తీసి పారేసింది ఎంత? అమ్ముడుపోక గోడౌన్లో పడి ఉన్నది ఎంత? యూరోపియన్ యూనియన్ 2025కి 55, 2030కి 60, 2035కి 65 శాతం అని లక్ష్యాలు పెట్టుకున్నప్పుడు లెక్క రూలు కూడా మార్చింది. సేకరించినది కాకుండా, వేరుచేశాక నిజంగా రీసైక్లింగ్ ప్రక్రియలోకి వెళ్లిందే లెక్కలోకి రావాలంది. ఇది చాలా మంచి మార్పు. ఏ ఊరైనా ఇంత సాంకేతికంగా వెళ్లకపోయినా ఒక చిన్న కూడిక చేయొచ్చు. కేంద్రంలోకి వచ్చిన బరువు, బయటికి అమ్మిన బేళ్ల (నొక్కి కట్టిన కట్టల) బరువు, డంపింగ్ యార్డుకు పంపిన బరువు, గోడౌన్లో మిగిలిన బరువు. మొదటిది చివరి మూడింటికి దాదాపు సమానం కావాలి. కాకపోతే ఎక్కడో కాకిలెక్కలు నడుస్తున్నాయి.

తడి చెత్త మీద శ్రద్ధ ఇంతకంటే తక్కువ. గాలి తగలకుండా పూడ్చిన వంటింటి వ్యర్థం మీథేన్ అవుతుంది. అది వందేళ్ల లెక్కలో చూసినా కార్బన్ డయాక్సైడ్‌కు పాతిక రెట్లు పైగా వేడి పెంచే వాయువు. దక్షిణ కొరియా 2005లో ఇళ్ల ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడం నిషేధించింది. అంతకు పదేళ్ల ముందే, 1995లో, దేశమంతా చెత్తకు సంచి లెక్కన డబ్బు కట్టే పద్ధతి తెచ్చింది. ఎంత పారేస్తే అంత కట్టాలి. చెత్త తగ్గింది, వేరుచేయడం పెరిగింది. అయితే ఇలాంటి పద్ధతి ఎక్కడ పెట్టినా దొంగచాటుగా పారేసేవాళ్లు తయారవుతారు, పక్కవాళ్ల డబ్బాలో వేసేవాళ్లు తయారవుతారు. డబ్బు మిగులుతుందని మాత్రమే చూసి దీన్ని తెచ్చి, చాటుగా పడేసే చోట్ల మీద నిఘాకు మనుషుల్ని పెట్టని ఊరు పొలిమేరల్లో ఆ ఖర్చు మళ్లీ కట్టుకుంటుంది.

తైవాన్ రాజధాని తైపేలో ఒక ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. బండి పాట పాడుకుంటూ నిర్ణీత సమయానికి వస్తుంది, జనమే సంచులతో కిందికి దిగి స్వయంగా వేస్తారు. మామూలు చెత్తకు నగరం అమ్మే సంచే వాడాలి, రీసైక్లింగ్ బండి వెనకే ఉంటుంది. ఏది దేంట్లో వేస్తున్నారో పక్కింటివాళ్లూ చూస్తారు, బండివాళ్లూ చూస్తారు. ముసలివాళ్లకు, రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు ఇది ఇబ్బందే. కానీ ఇంటివాళ్లకు కనిపించే అరనిమిషం అక్కడ ఇంకాస్త సాగుతుంది.

మనుషులు

పర్యవేక్షణ నివేదికల్లో టన్నులుంటాయి, శాతాలుంటాయి. ఎత్తేవాళ్లు ఉండరు. 1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్‌లో వాన కురుస్తుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు బండి వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి వాళ్లను నలిపేసింది. బండి పాతది, లోపం సంగతి ముందే చెప్పి ఉన్నారు, మార్చలేదు. పదమూడు వందల మంది సమ్మెకు దిగారు. వాళ్లకు అండగా వచ్చినప్పుడే, ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యాడు. ఆ ఇద్దరి చావుకు మూలం ఒక నిర్వహణ రిజిస్టరు, దాన్ని చదవని అధికారులు. బండి ఎప్పుడు రిపేరుకు వెళ్లింది, ఎవరికి దెబ్బ తగిలింది, తొడుగులూ బూట్లూ నిజంగా చేతికిచ్చారా, జీతం పూర్తిగా పడిందా అన్నవి కాంట్రాక్టరు సొంత విషయాలుగా వదిలేస్తున్న చోట ఆ రిజిస్టరు ఇవాళా ఎవరూ చదవడం లేదు.

కాంట్రాక్టు కాగితంలో పేరే లేనివాళ్లు ఇంకా ఉన్నారు. చాలా దేశాల్లో నిజమైన రీసైక్లింగ్ చేసేది ఏరుకునేవాళ్లే. పెద్ద కంపెనీకి ఊరు మొత్తం రాసిచ్చిన రోజు వాళ్ల బతుకు ఒక్క సంతకంతో పోతుంది. పుణెలో దీనికి వేరే దారి చూశారు. ఏరుకునేవాళ్లు 'స్వచ్ఛ్' అనే సహకార సంఘంగా ఏర్పడి, 2008లో నగర పాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటి సేకరణ వాళ్లే చేపట్టారు. ఏరి అమ్ముకున్న సరుకు డబ్బు వాళ్లదే కాబట్టి వేరుచేయడం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చివరి పేజీ

కాంట్రాక్టు మొదటి రోజు పండగలా జరుగుతుంది. చివరి రోజు గురించి ఎవరూ ఆలోచించరు. 2015 జులైలో లెబనాన్ రాజధాని బీరూట్ చెత్త వెళ్లే నామే అనే డంపింగ్ యార్డు మూతపడింది, అప్పుడే సేకరణ కంపెనీ ఒప్పందమూ ముగిసింది. ప్రత్యామ్నాయం లేదు. నెలల తరబడి వీధుల్లో చెత్త గోడలు లేచాయి, జనం వేలల్లో రోడ్డెక్కారు. ఆ యార్డు నిండుతోందని ఏళ్లుగా అందరికీ తెలుసు. గడువు తీరడానికి కనీసం ఏడాదిన్నర ముందే కొత్త టెండరు పని మొదలుకావాలి. బండ్లు, డబ్బాలు, రూట్ మ్యాపులు, ఇళ్ల జాబితా ఎవరి ఆస్తి అన్నది మొదటి రోజే రాసుకోవాలి. లేకపోతే పాత కాంట్రాక్టరుకు 'పొడిగింపు' తప్ప వేరే దారి మిగలదు. పొడిగింపు రేటు వాళ్లు చెప్పిందే.

యార్డు మూసేశాక కూడా పని అయిపోదు. లోపల చెత్త కుళ్లుతూనే ఉంటుంది, గ్యాసు పైకి వస్తుంది, నల్లటి ఊట కిందికి దిగుతుంది. అమెరికా నిబంధనల్లో మూసిన తర్వాత మామూలుగా 30 ఏళ్ల సంరక్షణ ఉంది. యూరప్‌లో 1999 నాటి ఆదేశం కనీసం 30 ఏళ్ల ఖర్చును చెత్త దింపుకునేటప్పుడు తీసుకునే రుసుములోనే కలిపి వసూలు చేయమంటుంది. నాలుగైదేళ్లకోసారి ఎన్నికయ్యే కౌన్సిల్‌కు అది ఆరేడు పాలకవర్గాల కాలం. అప్పటికి ఆ యార్డు మీద గడ్డి మొలిచి, పిల్లలు ఆడుకుంటూ ఉండొచ్చు. చుట్టూ తవ్విన పరీక్ష బోర్లలోంచి నీళ్లు సీసాల్లో పట్టి ల్యాబ్‌కు పంపే ఉద్యోగి జీతం మాత్రం ప్రతి ఏడాది బడ్జెట్‌లో ఒక పద్దుగా ఉండాల్సిందే. ల్యాబ్ నుంచి వచ్చిన కాగితాన్ని తెరిచి చదివే అధికారి కూడా ఉండాలి.